రెండు వార్డుల మధ్య బెడ్

కాజాలు కుడుతుంటే బొడ్డు దగ్గర నొప్పి మొదలైంది. సాయంత్రానికి కుడివైపు కిందికి దిగింది. నాకు బెల్లంపల్లిలో టైలర్ షాపు ఉంది. నా పేరు సంధ్య, ట్రాన్స్ మహిళను. ఆ మాట ముందే చెబుతున్నాను. ఆస్పత్రిలో నా నొప్పి కంటే ముందు అందరూ చూసింది అదే.

వాంతులు ఆగకపోవడంతో మర్నాడు పొద్దున అవ్వ, అంటే మా అమ్మ, నన్ను కరీంనగర్‌లో మెడికల్ కాలేజీ ఉన్న ఒక ఆస్పత్రికి తీసుకెళ్లింది. క్యాజువాల్టీ డాక్టరు కడుపు నొక్కి చూసి, "అపెండిసైటిస్ లెక్కుంది, సర్జరీల అడ్మిట్ కావాలె" అని రాసి సెలైన్ పెట్టించాడు. ఆయన మీద నాకు కోపం లేదు. మిగతావాళ్లను ఒక్కొక్కరినీ గుర్తు పెట్టుకున్నాను.

ఆధార్‌లో మగ అని ఉందని మేల్ వార్డుకు పంపారు. అక్కడి సిస్టర్ నా చీర చూసి, "మగోళ్ల నడుమ నిన్నెట్ల పండవెడ్త? ఫిమేల్‌కు పో" అంది. ఫిమేల్ వార్డు సిస్టర్ గుమ్మంలోనే ఆపింది. "నా పేషెంట్లు లొల్లి వెడ్తరు." చివరికి రెండు వార్డుల మధ్య వరండాలో, చెప్పుల స్టాండు పక్కన మంచం వేశారు. "గీడ గాలి మంచిగొస్తది, ఫికర్ జెయ్యకు" అని ఆయా నవ్వింది.

ఆ మంచానికి నంబరు లేదు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్లు మేల్ వార్డు చూసుకుని, నా పక్కనుంచే నడిచి ఫిమేల్ వార్డులోకి పోయారు. ఏ వార్డు పుస్తకంలోనూ, ఏ డాక్టర్ల యూనిట్ లిస్టులోనూ నా పేరు లేదు. అవ్వ అడిగితే ఇటు సిస్టర్ అటు అడగమంది, అటు సిస్టర్ ఇటు అడగమంది. సెలైన్ అయిపోయినా సూది చేతిలోనే ఉంది.

రెండో రోజు ఒక ప్రొఫెసర్ పదిమంది స్టూడెంట్లతో నా దగ్గర ఆగాడు. అవ్వ లేచి దండం పెట్టింది.

"రేర్ కేస్. హిస్టరీ తీసుకోండి" అన్నాడాయన.

ఆపరేషన్ అయిందా, ఎవరితో ఉంటావు, ఎప్పుడు తెలిసింది అని వరసగా అడిగారు.

"సార్, కడుపుల నొస్తుంది."

"అది తర్వాత. అడిగినదానికి చెప్పు." తెర కూడా లేని చోట దుప్పటి ఎత్తి చూపించాడు. చెప్పులు విప్పుకుంటున్నవాళ్లు కూడా ఆగి చూశారు.

కళ్లద్దాల అమ్మాయి ఒకతె నా కడుపు మీద చెయ్యి పెట్టింది. "సర్, గార్డింగ్ ఉంది." కడుపు బిగుసుకుపోతే అలా అంటారని తర్వాత తెలిసింది.

"మన యూనిట్ పేషెంట్ కాదమ్మా. చెప్పింది రాసుకో."

ఆమె చెయ్యి తీసేసి రాసుకుంది.

మూడో రోజు తెల్లవారేసరికి నొప్పి ఒక్కసారిగా తగ్గింది. "నయమైందే అవ్వా" అన్నాను. గంటలో చలిజ్వరం వచ్చింది. అవ్వ నా మంచాన్ని ఫిమేల్ వార్డు గుమ్మానికి అడ్డంగా తోసి, రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్లను ఆపింది. "ఆడిదో మగోడో తర్వాత తేల్చుకోండ్రి. ముందుగాల బతికియ్యుండ్రి!"

అపెండిక్స్ పగిలి కడుపంతా చీము పాకింది, పెరిటోనైటిస్ అన్నారు. "నిన్ననే చెయ్యాల్సింది" అన్నాడు సర్జన్.

"నిన్న గీ తొవ్వనే పోయినవ్ గదా, బిడ్డా?" అంది అవ్వ.

"మా లిస్టుల లేదమ్మా."

కొంత పేగు తీసేశారు. కుట్లు చీము పట్టి విడిపోయాయి. ఎనిమిది నెలలు, మలం పోవడానికి పొట్టకు తగిలించిన స్టోమా బ్యాగుతో బతికాను.

నాలుగు ఫిర్యాదులు రాశాను. నిర్లక్ష్యం లేదని నాలుగు జవాబులు వచ్చాయి. అయిదోసారి ఒక్కటే అడిగాను. ఆ మూడు రోజులు నేను ఎవరి పేషెంటును? దానికి జవాబు రాలేదు. అది చదివిన కాలేజీ కొత్త ప్రిన్సిపల్ ఫోన్ చేసి, స్టూడెంట్లకు క్లాసు చెప్పమన్నారు. క్షమించి వెళ్లలేదు, వాళ్ల ముఖాలు చూడాలని వెళ్లాను.

క్లాసులో అందరి ముందు బల్ల మీద పడుకుని, "పేషెంటొచ్చింది, అడుగుండ్రి" అన్నాను.

"మేడం, మీకెప్పుడు తెలిసింది..." అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

"కూసో. నువ్వడుగుతున్నంతసేపట్ల నా పేగు పోయింది."

వెనక కూర్చున్న ఆ ప్రొఫెసర్ ఫోన్ చూసుకుంటున్నాడు. క్లాసు అయ్యాక కళ్లద్దాల అమ్మాయి వచ్చింది. ఇప్పుడు హౌస్‌సర్జన్. "ఆ రోజు నేను ఇంకోసారి చెప్పాల్సుండె అక్కా" అని ఏడ్చింది.

"అవు, చెప్పాల్సుండె" అన్నాను. పర్వాలేదు అనలేదు.

ఇప్పుడు షాపు నడుస్తోంది. కుచ్చిళ్లు మచ్చకు తగలకుండా పైకి కట్టుకుంటాను. నాలాంటి వాళ్లకు ఒక్కటే చెబుతాను. అడ్మిట్ అయితే మంచం ఎక్కడ వేసినా సరే, మీరు ఏ యూనిట్ పేషెంటో అడగండి. వార్డు పుస్తకంలో మీ పేరు కళ్లతో చూడండి. చూశాకే పడుకోండి.