నూకరాజు బావ ఫైలు

మా నూకరాజు బావకు నాలుగేళ్లపాటు "గ్యాస్" అని చెప్పి మభ్యపెట్టారు.
చెప్పినవాళ్లెవరో నాకు తెలుసు. అందరి సంగతీ ఇక్కడే రాస్తాను.

నిన్న మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఏడుపు లేదు.
"మీ బావ ఎల్లిపోయాడొరే" అంది.
"ఎక్కడికి?" అన్నాను.
ఆ వెధవ ప్రశ్న నిన్నటి నుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

నలభై ఒక్క ఏళ్ల మనిషి. చుట్ట లేదు, మందు లేదు. ఇరవై ఏళ్లుగా బోటు మీద వేట. అలాంటి మనిషి గ్యాస్‌తో పోయాడంటే నేను నమ్మను.

మొదటివాడు మా సందు చివర మందుల షాపాయన.
గుండెల్లో మంట అంటే ఒక స్ట్రిప్. వంగి వల లాగితే తిన్నది గొంతులోకి వస్తోందంటే ఇంకో స్ట్రిప్. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందంటే అదే స్ట్రిప్, పేరు మారింది.
"గ్యాసే మావా, ఇది ఏసుకో. బేగి తగ్గిపోద్ది."
నాలుగేళ్లలో ఒక్కసారైనా "టెస్ట్ చేయించుకో" అన్నాడా? అనలేదు. ఎందుకు అనలేదు? తెలియకా, తెలిసా? పొద్దున్న వెళ్లి అడిగాను. షట్టర్ సగం దించేశాడు.
మీరే ఆలోచించండి.

ఒకసారి సెలవుల్లో బావతో బోటెక్కాను. వల పైకి లాగాక అందరూ కడుపునిండా తిని ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయారు. బావ మాత్రం వలల కుప్పకు ఆనుకుని కూర్చునే కళ్లు మూసుకున్నాడు.
"ఏటి బావా, కూకుని జపం సేత్తన్నావా?" అన్నారు కుర్రాళ్లు.
"మీరందరూ తొంగుంటే సముద్రాన్ని ఎవులు సూత్తార్రా?" అన్నాడు.
బోటంతా నవ్వింది. నేనూ నవ్వాను.
పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తాయని ఆయన ఎవరికీ చెప్పలేదు. మా పేటలో ఒక లెక్క ఉంది. బోటు మీద వాంతి చేసుకుంటే వాడు కొత్తవాడన్నా అయ్యుండాలి, లేదా వాడికి సముద్రం పడకపోయి ఉండాలి. ఇరవై ఏళ్ల వేటగాడు ఆ మాట పడగలడా? కక్కు వస్తే ఇంజిన్ వెనక్కి వెళ్లి, డీజిల్ పొగ వల్ల అనేవాడు. ఒక్క అక్కకే నిజం చెప్పాడు.

పోయిన ఏడు అక్క పోట్లాడి మరీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. సున్నంలాంటి బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. గొంతులోంచి కెమెరా గొట్టం వేసి ఎండోస్కోపీ చేశారు.
అక్కడి డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. ఛాతీకీ పొట్టకీ మధ్య డయాఫ్రమ్ అని కండ గోడ. అన్నం గొట్టం కిందికి దిగడానికి దానికో కంత. ఆ కంత వెడల్పయి, కడుపు ఛాతీలోకి ఎక్కుతోంది.
హయటల్ హెర్నియా.

"చాలామందికి చిన్నదే ఉంటుంది. మందులు వాడి, కొంచెం కొంచెంగా తిని, తిన్న వెంటనే పడుకోకుండా, మంచం తలవైపు ఎత్తు పెట్టుకుంటే సరిపోతుంది. మీది పెద్దది. సగం కడుపు పైనే ఉంది. చిన్న కంతలు పెట్టి కెమెరాతో ఆపరేషన్ చేసి కిందికి లాగాలి" అంది.
ఇంకో మాట కూడా చెప్పింది. ఛాతీలో గట్టిగా నొప్పి వచ్చి, కక్కు వచ్చినట్టుండి ఏమీ రాకపోతే, ఒక్క నిమిషం ఆగకుండా రమ్మంది.

రెండోది హార్బర్ దారిలోని క్లినిక్.
మొన్న పొద్దున్న బోటు ఒడ్డుకొచ్చేసరికి బావ ఛాతీ పట్టుకుని వంగిపోయాడు. కక్కబోతే ఏమీ రాలేదు. కుర్రాళ్లు దగ్గర్లో ఉన్న ఆ క్లినిక్కే పట్టుకెళ్లారు. కబురందుకుని అక్కా అక్కడికే వెళ్లింది. ఈసీజీ తీశారు. "గుండె బాగుంది, గ్యాస్" అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. నాకు అక్కడే అనుమానం. వాళ్లసలు ఏమైనా అడిగారా?
నిన్న రాత్రంతా అక్క మీద అరిచాను.
"అడిగారొరే. పాత రిపోర్టులేయి అని అడిగారు. నాకు ఆ పేరు నోరు తిరగనేదు. ఫైలు నీ కాడుంది కదా" అంది.

ఫైలు నా దగ్గరే ఉంది.

పోయిన ఏడు నేనే తీసుకెళ్లాను. "అనవసర ఆపరేషన్లు" అని నేను చదివిన కరపత్రాలన్నీ ఒక సంచిలో ఉంటాయి. ఆ సంచిలోనే బావ ఫైలు, సాక్ష్యంగా. "కొయ్యడానికి సాకులు బావా, ఒప్పుకోకు" అన్నాను. ఈ ఫేస్‌బుక్ వాల్ మీదే పోస్ట్ పెట్టాను. మీలో చాలామంది లైక్ కొట్టారు.
బావ నా తల నిమిరి, "సదువుకున్నోడివి, నువ్వు సెప్తే నాకు సాలొరే" అన్నాడు.

మొన్న సాయంత్రం నొప్పి తగ్గక పెద్దాసుపత్రికి తీసుకెళ్లి స్కాన్ తీసేసరికి ఛాతీలోకి ఎక్కిన కడుపు మెలి తిరిగి, రక్తం ఆగి, నల్లబడిపోయింది. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. ఆలస్యమైపోయింది.

షాపాయన్ని నేను వదలను. క్లినిక్కునూ అడుగుతాను. కానీ మూడో పేరు నాది. ఆ పాత పోస్ట్ తీసెయ్యను. దాని కింద ఇది అతికిస్తాను.

నిన్న సాయంత్రం దింపుడు కళ్లం దగ్గర పాడె దించినప్పుడు బావ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా పేట వలల షెడ్డు దగ్గరికి రండి. గ్యాస్ అని మింగుతున్న స్ట్రిప్పులు, బీరువాలో దాచిన రిపోర్టులు అన్నీ పట్టుకురండి. ఆ డాక్టరమ్మ వస్తానంది. సముద్రం పడలేదంటారని సిగ్గుపడి కక్కు దాచుకున్నవాళ్లు ముందు వరసలో కూర్చోండి. బావ ఫైలు నేనే తెస్తాను.

పడుకో బావా. ఇంక మంట రాదు. హాయిగా పడుకో.
ఆదివారం, తొమ్మిదింటికి. అందరూ రండి.