గోడ అవతలి వర్క్‌షాప్

2003 జూలైలో నన్ను రాయపూర్‌లోని ఒక కొత్త ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు మెకానికల్ విభాగాధిపతిగా వేశారు. విభాగమంటే నేను, ఇద్దరు లెక్చరర్లు, ఒక నల్లబల్ల. లేతు మిషన్లు, వెల్డింగ్ సెట్లు ఉండాల్సిన వర్క్‌షాప్ ఇంకా కాగితాల మీదే ఉంది. రాష్ట్రమే కొత్తది, ఇక మమ్మల్ని అని ఏం లాభం!

కాలేజీ ఉర్లా పారిశ్రామికవాడ అంచున ఉండేది. మా వెనక గోడకు అవతల అప్పలనాయుడి ఫ్యాబ్రికేషన్ యూనిట్. ఆయన తండ్రి శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నాయుడు ఖాళీగా ఉన్న షెడ్డొకటి, అందులోని లేతులతో సహా, ఒప్పందం రాసి మాకు ఇచ్చాడు. పిల్లలు మెయిన్ గేటు దాటి, లారీల రోడ్డు చుట్టి అక్కడికి వెళ్ళి పని నేర్చుకునేవారు.

ఆ ఏడాది చివర ఢిల్లీ మండలి నుంచి తనిఖీ బృందం వచ్చింది. ఆ మండలి ఏటా అనుమతి ఇస్తేనే కాలేజీ మరుసటి ఏడు నడుస్తుంది. విద్యార్థులు ప్రాంగణం దాటకుండా వర్క్‌షాప్‌కు చేరుకోగలగాలని బృందం అధ్యక్షుడు నిబంధన చూపించారు. లేకపోతే బ్రాంచి రద్దు, పిల్లలు జగదల్‌పూర్‌కు బదిలీ. బీర్‌గావ్ నుంచి సైకిల్ మీద వచ్చే దేవకీ సాహు ఆ మాట విని నా దగ్గరికి వచ్చింది. అంత దూరం తండ్రి పంపడని, తన చదువు ఇక్కడితో సరి అని చెప్పింది.

బృందం భోజనానికి ఊళ్ళోని శంకర్ నగర్ వెళ్ళగానే నాయుడి దగ్గరికి పరుగెత్తాను. మధ్య గోడలో దారి ఉంటే చాలని, కానీ ప్రభుత్వ గోడను కొట్టాలంటే ప్రజాపనుల శాఖ అంచనా వేయాలి, టెండరు పిలవాలి, ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని మొరపెట్టుకున్నాను.

నాయుడు పకపకా నవ్వాడు. "గోడ సర్కారుదని ఎవులు సెప్పినారు మాస్టారూ? జమీన్ మాది, దీవార్ మాది. అభీ కొట్టీద్దాం, రండి!"

బృందం తిరిగొచ్చేసరికి గోడలో మనిషి పట్టే దారి, పక్కన ఇటుకల కుప్ప, ఇంకా అణగని దుమ్ము. ఈ దారి పొద్దున్న ఉందా అని అధ్యక్షుడు అడిగారు. లేదండీ, మీరు భోంచేస్తుండగా వచ్చింది అన్నాను. అబద్ధం అల్లే తీరిక కూడా లేదు మరి. ఆయన నవ్వు ఆపుకుంటూ స్థలం కాగితాలు, ఒప్పందం తెప్పించుకుని చదివారు. తర్వాత ఇటుకలు దాటి అవతలికి నడిచారు. అక్కడ దేవకి లేతు మీద ఇనుప కడ్డీ నునుపు చేస్తోంది. దాన్ని చేతిలోకి తీసుకుని, కొలిచి చూసి, బాగుందన్నారు. నివేదికలో పొద్దున్న రాసిన వాక్యం కొట్టేసి, లోపలి దారి ఉంది, తలుపు పెట్టించాలి అని రాశారు. నాయుడు సంతోషం పట్టలేక అందరికీ సమోసాలు తెప్పించాడు.

దేవకి డిప్లొమా పూర్తిచేసి ఉర్లాలోనే ఉద్యోగంలో చేరింది. తర్వాతి ఏళ్ళలో నేనూ తనిఖీ సభ్యుడిగా చాలా కాలేజీలు తిరిగాను. లోపం కనిపించగానే నివేదికలో ఎక్కించేవాణ్ణి కాను. అదేమిటో ప్రిన్సిపాల్‌కు విడమరచి చెప్పి, ముందు భోజనానికి వెళ్ళేవాణ్ణి.