మేడమ్ బూట్లు, నా పెరటాసి నెల

నడవడానికి డబ్బులెందుకు? ఈ గల్ఫ్ దేశంలో, ఐన్ ఖాలిద్‌లో నేను పనిచేసే విల్లాలో మేడమ్ స్పెయిన్ యాత్ర సంగతి ఎత్తిన రోజు నాకు వచ్చిన మొదటి అనుమానం ఇదే. మాది రాయచోటి పక్క పల్లె. సెప్టెంబరు సగంలో పెరటాసి నెల వచ్చిందంటే మా వైపు జనం పసుపు బట్టలు కట్టి, గోవిందా అంటూ పీలేరు మీదుగా తిరుమల కొండకు నడుస్తారు. దారిలో ఊళ్ళవాళ్ళు మజ్జిగ పోస్తారు, పులిహోర పెడతారు. పడుకోవడానికి బడి వరండా చాలు. ఖర్చంటూ ఉంటే అది కాళ్ళకే.

మేడమ్ లెక్క వేరు. ఆమెది విజయవాడ, సారు గ్యాస్ కంపెనీలో ఇంజినీరు. స్పెయిన్‌లో ఒక పునీతుని సమాధి ఉన్న చర్చికి వారాల తరబడి నడిచే దారి ఉందట, కమీనో అంటారట. ఈమె క్రిస్టియన్ కాదు, ఈమెకు ఏ మొక్కూ లేదు. వాకింగ్ గ్రూపులో ఇద్దరు పోయొచ్చారు కాబట్టి ఈమె కూడా పోవాలి. సాయంత్రాలు హాల్లో కూర్చుని ఆ ఆడవాళ్ళంతా ఖర్చులు చెప్పుకునేవాళ్ళు. విమానం టికెట్లు, వీసా, వాన కోటు, దారి పొడుగునా గదులు, చేతికర్రలు. కర్ర కూడా కొనుక్కుంటారా అని నాకు నవ్వొచ్చింది. అన్నిటికన్నా విడ్డూరం, మూట మోయడానికి వ్యాను ఉంటుందట. పొద్దున బ్యాగు ఇచ్చేస్తే రాత్రి దిగే చోటికి అదే చేరుస్తుంది.

"నడకకి ఇంత అవుతుందనుకోలేదు," అని మేడమ్ నిట్టూర్చేది. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి పోయేదాన్ని.

నాకూ ఒక నడక ఉంది. నా కూతురికి చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. బతికినా కాళ్ళు వస్తాయో రావో అన్నారు డాక్టర్లు. కాళ్ళిస్తే ఆ కాళ్ళతోనే నీ కొండకు నడిపిస్తా, పక్కన నేనూ నడుస్తా స్వామీ అని ఆసుపత్రి వరండాలో మొక్కుకున్నాను. కాళ్ళు వచ్చాయి. అంత దూరం నడిచే వయసు రానీ అని ఇన్నాళ్ళూ ఆగాం. ఈ ఏడు పెరటాసిలో నా లీవు. ఫోన్లో మా ఇద్దరికీ రోజూ అదే మాట.

జూన్‌లో మేడమ్ బూట్లు వచ్చాయి. తోలువి, చెక్కలా గట్టిగా ఉన్నాయి. కొత్తవాటితో నడిస్తే కాళ్ళు పుళ్ళు పడతాయని, ముందే మెత్తబరచుకోవాలని గ్రూపులో చెప్పారట. బయట ఎండకు పిల్లి కూడా తిరగదు. మేడమ్ నా పాదాల వంక చూసింది.

"నీదీ నాదీ ఒకటే సైజు కదే. పని చేసేటప్పుడు వేసుకో. ఎలాగూ రోజంతా తిరుగుతూనే ఉంటావు," అంది.

ఇంట్లో చెప్పులు కూడా వేసుకోనివ్వని మనిషి, అడుగులు తనే తుడిచి మరీ బూట్లు నా ముందు పెట్టింది. రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని గిన్నెలు కడిగాను, మెట్లెక్కాను, దిగాను. వారం తిరక్కముందే మడమలు బొబ్బలెక్కాయి. ఎక్కడ ఒరుసుకుంటోందో మేడమ్ శ్రద్ధగా అడిగింది. అడిగి, బూటుకు నూనె రాసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్మూ ఆమెదే, సోకూ ఆమెదే, బొబ్బలు మాత్రం నావి. అయినా వాటితోనే తిరిగాను. లీవు ఇవ్వాల్సింది ఆమే కదా.

ఆగస్టులో టికెట్టు సంగతి అడిగాను.

"అయ్యో, నీకు చెప్పలేదా? సెప్టెంబర్లో నేనుండను. పిల్లల్ని ఎవరు చూస్తారు? నవంబర్లో వెళ్దువుగాని."

"మొక్కుంది మేడమ్. పెరటాసిలోనే పోవల్ల. పాప కాచుకోనుంది."

"దేవుడెక్కడికి పోతాడే? నవంబర్లోనూ అక్కడే ఉంటాడు."

మరి ఆ పునీతుడు మాత్రం ఎక్కడికి పోతాడు, సమాధి దాటి కదలడు కదా? మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. టికెట్టు కొనేది వాళ్ళు.

మేడమ్ వెళ్ళింది. ఆమె పంపిన ఫోటోలు పిల్లలకు నేనే చూపించాను. ద్రాక్షతోటలు, మబ్బులు, మధ్యలో ఆ బూట్లు. తిరిగొచ్చాక గ్రూపు వాళ్ళందరినీ పిలిచింది.

"ఖర్చయితే అయ్యింది గానీ, ఒక్క బొబ్బ కూడా రాలేదు తెలుసా! మనసు కడిగేసినట్టుంది."

పకోడీల ప్లేటు పట్టుకుని నేను అక్కడే ఉన్నాను. ఆమె మనసు కడుక్కున్న నీళ్ళన్నీ నా మీదే పోసినట్టనిపించింది. పకోడీలు బాగున్నాయన్నారు అందరూ.

ఆ శుక్రవారం నా కూతురు ఫోన్ చేసింది.

"మా, కొండకు పోయొచ్చినాం. నేనూ, చిన్నమ్మోళ్ళూ. నడిచే పోయినాం. ఘాట్లో వాన వచ్చె. అయినా నేను యాడా కూచోలేదు మా."

నడవదేమో అన్న బిడ్డ. ఆ నడక పక్కనుండి చూడాలనే కదా నేను ఇన్నేళ్ళు ఎదురుచూసింది.

"నేనొచ్చేదాంకా ఆగకూడదా?" అన్నాను.

"నువ్వు ఎప్పుడొస్తావో ఏమో అని... స్వామికి చెప్పినాలే మా, మాయమ్మకు లీవు ఈలేదని. నీ మొక్కు తీరిపాయ. ఇంగ నువ్వు రాకపోయినా ఏం గాదులే."

నన్ను ఓదారుద్దామనే అంది, పిచ్చిది. లీవు లేదన్న రోజు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నవంబర్లో మేడమ్ మాట తప్పలేదు, టికెట్టు చేతిలో పెట్టింది. దేనికి పోవాలో అప్పటికి నాకే తెలియలేదు.