టీవీలో ఒడ్డుకొచ్చే పడవ

మా టీచరమ్మ నెల్లూరు ఆస్పత్రిలో పోయారని నాలుగు రోజుల కిందట పొద్దున్నే ఫోన్ వచ్చింది. పదో తరగతితో చదువు ఆపిన నాకు రాయడం అలవాటు లేదు. కానీ సముద్రం ఒడ్డున మా పాలెం అంగన్‌వాడీలో ఆయాగా ఆమె పక్కన ఉండి అంతా చూసినదాన్ని. నా తర్వాత వచ్చేవాళ్ళకు తెలియాలని రాస్తున్నాను.

ఆట నుంచి పాటకు, పాట నుంచి అన్నానికి పిల్లల్ని మళ్ళించడమే మాకు పెద్ద పని. మాటలు రాని ఒక పాప ఉండేది. ఆట ఆపితే నేల మీద పడి తల కొట్టుకునేది.

వాళ్ళమ్మ చేపల గంప దించి, "రేపట్నుంచి ఇంట్లోనే ఉంచుకుంటాలే టీచరమ్మా. దీంతో అందరికీ ఎందుకీ అగసాట్లు?" అనింది.

"ఆట ఆగిపోతాదని బిడ్డకు ముందుగా తెలీడంలా మే. తెలిసేటట్టు చేస్తాం. కొన్నాళ్ళు ఓర్చుకో" అన్నారు టీచరమ్మ.

ఆ సాయంత్రమే సముద్రం దగ్గరికి పోయి, దూరాన చుక్కలా ఉన్న పడవ ఇసుక తాకేదాకా సెల్‌ఫోన్‌లో వీడియో తీశారు. దాన్ని కేంద్రంలోని టీవీలో పెట్టారు. పడవ ఒడ్డుకొస్తే ఆట అయిపోయినట్టు. మొదటిరోజు పడవ ఇసుక తాకిందో లేదో, పిల్లలంతా "పడవొచ్చె! పడవొచ్చె!" అంటూ బయటికి ఒకటే పరుగు. మా ఊళ్ళో పడవొస్తే ఎవరు కూర్చుంటారు? అందరినీ పట్టుకొచ్చి నేను రొప్పుతుంటే ఆమె నవ్వారు. "పడవొచ్చినాక ఏం పనుందో చూపించలేదు గదా ఆయమ్మా!"

మర్నాడు పడవ తర్వాత వల మడిచే ఫొటో, ఆపైన అన్నం పళ్ళెం ఫొటో చేర్చారు. గదిలో పాత వల పరిచి, బొమ్మలు దాని మీదే పెట్టారు. వల మడిస్తే బొమ్మలు సర్దినట్టే. పాప చాలా రోజులు ఏడ్చింది. టీచరమ్మ పక్కన కూర్చుని, "పడవ ఇంకా దూరాన ఉండాది, ఆడుకో తల్లీ" అని తెర చూపించేవారు. ఒకరోజు పాప తానే లేచి వల అంచు పట్టుకుంది. గుమ్మంలో వాళ్ళమ్మ కొంగుతో నోరు మూసుకుంది. టీచరమ్మ మాత్రం ఏమీ వింత జరగనట్టు, "రెండో అంచు ఎవురు పట్టుకుంటారురా?" అని పిల్లల్ని అడిగారు.

ఆ పాప ఇప్పుడు పక్కనే ఉన్న బళ్ళో ఒకటో తరగతి. గంగమ్మ దయవల్ల అది చూసే పోయారు టీచరమ్మ.

ఆమెకు పొగడ్త గిట్టదు. ఈ కాగితాలు కేంద్రం బీరువాలోనే దాచండి, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు తప్ప నలుగురికీ చూపించకండి.

నిన్న కేంద్రం తెరిచి టీవీ పెట్టాను. పడవ ఒడ్డు తాకింది. పిల్లలు టీచరమ్మ కుర్చీ వైపు చూస్తూ కదల్లేదు. అన్నానికి బడి వదిలినట్టుంది, ఆ పాప లోపలికొచ్చింది. వల అంచు పట్టుకుని నా వైపు చూసింది. రెండో అంచు నేను పట్టుకున్నాను.