అక్క గొంతు దాచిన పెట్టె

లిఫ్టుల మెకానిక్కుగా ఇరవై ఆరేళ్లు పనిచేసినవాడికి యంత్రాల గురించి ఇంకొకరు చెప్పేదేముంటుంది? ఏమీ ఉండదనే ఆయన నమ్మకం. మొరాయించిన యంత్రం ఏదైనా సరే, ముందు కరెంటు తీసెయ్యి, పది లెక్కపెట్టి మళ్లీ ఇవ్వు. అప్పటికీ లేవకపోతే అన్నీ చెరిపేసి మొదట్నుంచి మొదలుపెట్టు. నిన్న ఎవరెక్కారో, ఎవరు దిగారో లిఫ్టుకి గుర్తుండదు కదా, చెరిపితే పోయేదేముంది! ఇంట్లో అందరూ ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేవారు, సొంత అక్కతో సహా.

ఆ అక్కకి గొంతులో పుండు పడింది. స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు. అయితే ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ ఒక దారి చూపించింది. "ఆపరేషనుకి ముందే వీలైనన్ని మాటలు రికార్డు చేసుకోండమ్మా. తర్వాత మీరు టైపు చేస్తే ఫోను మీ గొంతుతోనే చదివేలా చేస్తాం" అంది.

అక్క ఐదు వారాలు ఆ పని మీదే కూర్చుంది. వంటింటి తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ వాళ్లిచ్చిన వాక్యాలన్నీ ఫోన్లోకి చదివింది. మధ్యమధ్యలో "ఇదేం వాక్యమర్రా, ఇలా ఎవరైనా మాట్లాడతారా?" అని వంకలు పెట్టింది. అవీ రికార్డయ్యాయి.

వాటిని దాచే పూచీ మేస్త్రిది. ఆయన ఇంట్లో చెప్పుల అల్మరా మీద, ఫొటోలూ ఫైళ్లూ దాచుకునే ఒక నల్ల పెట్టె ఉంది. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో పడిందల్లా రెండోదాంట్లోనూ పడుతుంది.

"ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందక్కా, నువ్వు నిశ్చింతగా ఉండు. ఫోన్లో చోటెందుకు దండగ, తీసెయ్" అన్నాడు. అక్క తీసేసింది. తమ్ముడి చేతి మీద ఆవిడకంత గురి.

ఆపరేషను అయింది. మూడు నెలలకి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, శుక్రవారం రికార్డులు పట్టుకుని రమ్మని. మంగళవారం మేస్త్రి పెట్టె మీట నొక్కాడు. ఎర్రదీపం మినుకుమంది, మూడుసార్లు కీచుమంది. అంతే, ఇక లేవలేదు.

వైరు మార్చాడు. అడాప్టరు మార్చాడు. డిస్కులు రెండూ ఊడదీసి నొక్కితే పెట్టె బుద్ధిగా లేచి కూర్చుంది. "దొరికావే దొంగా! తప్పు డిస్కుదన్నమాట" అనుకున్నాడు. మొదటి డిస్కు ఒక్కటే పెట్టాడు. డిస్కు కొత్తగా సిద్ధం చెయ్యాలి, అందులోదంతా చెరిగిపోతుంది, సరేనా అని పెట్టె కంప్యూటరు తెరమీద అడిగింది. చెరిగితే చెరగనీ, రెండోది ఉందిగా! సరే అన్నాడు. పెట్టె పనిచేసింది. ఆ సంబరంలో రెండో డిస్కు కూడా తోశాడు. రెండూ ఒకేలా లేవు, రిపేరు చెయ్యమంటారా అంది పెట్టె. రిపేరంటే వద్దనే మెకానిక్కు ఈ భూమ్మీద పుట్టాడా? నొక్కాడు మహానుభావుడు.

పెట్టె చెప్పిన పని చేసింది. రెండోదాన్ని మొదటిదానిలా చెయ్యడం మొదలుపెట్టింది. మొదటిది ఖాళీ. ఆ సంగతి ఆయన బుర్రకి తట్టేసరికి పని అరవై శాతం దాటింది. వైరు పీకి పారేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. చెయ్యడానికి ఏమీ లేకపోవడమన్నది ఆయనకి అదే మొదటిసారి.

పోయిన ఫైళ్లు వెతికిపెట్టే షాపావిడ బుధవారం డిస్కులు తీసుకుని గురువారం సాయంత్రం పిలిచింది.

"ముట్టుకోకుండా తెచ్చుంటే బాగుండేదన్నయ్యా. పాడయింది ఒక్కటే. రెండోది నిక్షేపంలా ఉండేది."

"ఎంతో కొంత రాలేదామ్మా? నాలుగు మాటలైనా?"

"లిఫ్టుల వైరింగు ఫొటోలు చాలా వచ్చాయి. ఆడియో ఒక్కటీ లేదు."

ఆయన ఆవిడని బతిమాలాడు. ఇంకోసారి చూడమన్నాడు. ఆవిడ పాపం రెండుసార్లు చూసినదాన్నే మూడోసారి చూసి, తల అడ్డంగా ఊపింది.

శుక్రవారం పొద్దున బావ తలుపు తీశాడు. అక్క అప్పటికే తయారై, మెడచుట్టూ కొత్త రుమాలు కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తమ్ముణ్ని చూసి నవ్వింది. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి, దాచకుండా అంతా చెప్పేశాడు. బావ గోడవైపు తిరిగిపోయాడు.

అక్క ఫోను తీసి గబగబా టైపు చేసింది. ఫోన్లోంచి ఎవరో ముక్కూమొహం తెలియని అమ్మాయి గొంతు మర్యాదగా చదివింది. "ఒరేయ్. నీ చేతులు పడిపోను. నా నోరు కదరా అది. నీకేం హక్కుందిరా."

ఆ అమ్మాయికి కోపం లేదు, ఏడుపు లేదు. రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెబుతున్నట్టు చెప్పింది.

"అక్కా, దాన్ని ఆపక్కా. కొట్టు, పడతాను" అన్నాడు మేస్త్రి.

అక్క ఫోను మంచం మీదికి విసిరేసింది. లేచి ఎదురుగా వచ్చి నిలబడి, నోటితోనే తిట్టడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు ఉబ్బుతున్నాయి, కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. మేస్త్రి ఆ పెదాలనే చూస్తూ, ఒక్కొక్క తిట్టుకీ "అవునక్కా" అంటూ నిలబడ్డాడు.