నాలుగు గంటల స్టూలు

ఇవాళ పొద్దున్న డయాలసిస్ యూనిట్ తలుపు తీయగానే, మెషిన్లు కడిగిన మందు ఘాటు వెనిగర్ సీసా మూత తీసినట్టు ముక్కుకి తగిలింది. ఇరవై ఏళ్ళుగా పీలుస్తున్న వాసనే. అయినా తగిలినప్పుడల్లా కామేశ్వరరావు గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో నాకు ఈ పని నేర్పిన డాక్టరు ఆయన. కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తాన్ని మెషిన్ నాలుగు గంటలపాటు కడుగుతుంది. సూది గుచ్చినవాళ్ళు అంతసేపూ రోగి పక్కనే స్టూలు వేసుకుని కూర్చోవాలని ఆయన పట్టు. "ఊరికే కూర్చోకమ్మాయ్, ఈసారి వరి ఎలా ఉందో అడుగు" అనేవారు. వరి సంగతి నాకెందుకని ఒళ్ళు మండేది.

మా సూరిబాబన్నయ్యకి స్కిజోఫ్రెనియా. ఎవరూ లేనిచోట ఎవరో తిడుతున్నట్టు వినిపించేది. మాత్రలతో కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. యూనిట్‌లో నేనేమో ఇంకో వింత చూసేదాన్ని. ఒంట్లో విషం పేరుకుని భార్యని కూడా పోల్చుకోలేని మనిషి, నాలుగైదుసార్లు రక్తం కడిగేసరికి కాఫీ చల్లారిపోయిందని ఆవిడతో గొడవకి దిగేవాడు. దాంతో నాకు ఆశ పుట్టింది. పైగా ఒకప్పుడు విదేశాల్లో అన్నయ్య జబ్బుకి డయాలసిస్ చేసి చూశారని ఏదో పాత పుస్తకంలో కంటబడింది. ఇంకేముంది, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఓ ఆదివారం అన్నయ్యని వెంటబెట్టుకుని వచ్చేశాను.

అన్నయ్య ఖాళీ మంచం మీద పడుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచి చాపాడు. "బుజ్జీ, వాళ్ళు నా రక్తంలోనే ఉన్నారా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

డాక్టరు గారు నా వంక చూడనేలేదు. "లేరండి సూరిబాబు గారూ, చెయ్యి దించండి" అన్నారు.

"ఒక్కసారి చేసి చూస్తే పోయేదేముందండీ?" అన్నాను కోపంగా.

"సూదులు, ఇన్ఫెక్షన్లు, రక్తం పోవడం... బోలెడుందమ్మాయ్. కుర్రతనంలో నేనూ ఒకాయనకి చేశాను. రెండు వారాలు బాగున్నాడు, నేను కాలరెగరేశాను. ఆపైన మళ్ళీ మొదటికొచ్చింది. వేరేచోట్ల కొందరికి రక్తం కడగకుండా ఉత్తినే మెషిన్‌లో తిప్పి చూశారు. వాళ్ళకీ, కడిగినవాళ్ళకీ తేడా లేదు."

"మరి ఆ రెండు వారాలు?"

"ఎందుకో రుజువు చెయ్యలేను. నేను మాత్రం పక్కనే కూర్చునేవాణ్ణి."

అని స్టూలు లాక్కుని అన్నయ్య పక్కన కూర్చున్నారు. మాత్రలు మానొద్దని గట్టిగా చెప్పారు. తర్వాత పట్టిసీమ దగ్గర మా అరటితోట గురించి అడిగారు. నేను మూతి ముడుచుకుని గోడకి ఆనుకున్నాను. మూడో గంటలో కాబోలు, వరదకి కొట్టుకొచ్చిన మేక తోటలో గెలలు తినేసిన కథ చెబుతూ అన్నయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో! కళ్ళు తుడుచుకోవడానికి బయటికి వెళ్ళిపోయాను.

డాక్టరు గారు పోయి ఆరేళ్ళయింది. అన్నయ్య మాత్రలు వాడుతూనే ఉన్నాడు, తోట తనే చూసుకుంటున్నాడు. గొంతులు అప్పుడప్పుడూ వినిపిస్తాయి. ఆదివారం ఆదివారం వెళ్ళి నాలుగు గంటలు పక్కన కూర్చుంటాను. మొన్న బస్సుకి టైమైందని లేవబోతే గడియారం వంక చూశాడు.

"ఇంకా ఇరవై నిమిషాలుంది బుజ్జీ. మీ డాక్టరు గారు ఊరుకోరు."

నవ్వుకుంటూ మళ్ళీ కూర్చున్నాను. ఈసారి అరటి ఎలా ఉందని అడిగాను.