బోణీకి అమ్మిన గులాబీ రంగు షూస్

2024 డిసెంబరు మొదటి వారం. నందిగామ బస్టాండుకు దగ్గర్లో ఉన్న మా చెప్పుల కొట్టులో నేను కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. మావారు సరుకు కోసం ఊళ్లు తిరుగుతుంటారు కాబట్టి కొట్టు చూసుకునేది నేనూ, మా అత్తయ్యా. నేను బెంచీల దగ్గర జనం కాళ్లకు చెప్పులు తొడిగి చూపిస్తుంటాను. డెబ్బై ఆరేళ్ల అత్తయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని నాకు వంకలు పెడుతుంటుంది.

అత్తయ్యకు ఒక పట్టుదల ఉంది. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి, అంటే బోణీ బేరం, ఉత్త చేతులతో వెళ్లకూడదు. వెళ్తే ఆ రోజంతా కొట్టు కళ తప్పుతుందని ఆమె నమ్మకం. ఒకసారి మొదటి బేరం తప్పిపోయిందని మా కొట్లో నా చేతే ఒక జత స్లిప్పర్లు కొనిపించింది. నవ్వుకుంటాం గానీ, ఇన్నేళ్లలో ఆ పట్టుదల నాకూ అంటుకుంది.

ఆ రోజు అగరొత్తులు ఆరకముందే నాగమణి అనే అమ్మాయి వచ్చింది. చందర్లపాడు నుంచి మొదటి బస్సు ఎక్కి వచ్చిందట.

"కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ఆంటీ, రన్నింగ్ షూస్ కావాలి" అంది.

ఈవెంట్స్ అంటే పోలీసు ఉద్యోగానికి పెట్టే పరుగు, లాంగ్‌జంప్ పరీక్షలు. నాగమణి మొదటి రాతపరీక్ష పాసై చాలాకాలమైంది. ఈవెంట్స్ వాయిదాలు పడుతూ పడుతూ చివరికి జనవరిలో పెడుతున్నారు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి. ఇరవై తొమ్మిదేళ్లు నిండాయి, మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోతుంది. ఇదొక్కటే అవకాశం. ఇన్నాళ్లూ మిరపచేల పక్కన డొంకలో ఉత్తకాళ్లతో ప్రాక్టీసు చేసింది. కాలిలో ముల్లు విరిగి రెండు రోజులు ఆగిపోయేసరికి షూస్ కొనుక్కోవాలనుకుంది.

గులాబీ రంగు జత చూడగానే ఆమె ముఖం వెలిగింది. లేడీస్ ఆరో సైజు. తొడుక్కుని నాలుగడుగులు వేసింది.

"వేళ్ల దగ్గర కొంచెం పట్టేసినట్టుంది ఆంటీ."

షూ ముందు భాగంలో వేళ్లు ఉండే చోటును టో బాక్స్ అంటారు. చేలో పనిచేసిన పాదం వేళ్ల దగ్గర వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. ఆడవాళ్ల షూస్‌కేమో టో బాక్స్ సన్నగా ఉంటుంది. అంతకన్నా పెద్ద సైజు మా దగ్గర లేదు. నేను గల్లాపెట్టె వైపు చూశాను. అత్తయ్య కనుబొమలు అప్పటికే పైకి లేచి ఉన్నాయి.

"ఏం కాదమ్మా. నాలుగు రోజులు తొడిగితే అవే సాగుతాయి" అన్నాను.

తోలు చెప్పుల విషయంలో అది నిజం. తోలు కాలిని బట్టి సర్దుకుంటుంది. ఆ మాట నేను వేలసార్లు అని ఉంటాను, ఎవరూ తిరిగొచ్చి తిట్టలేదు. రన్నింగ్ షూ తోలుతో చేసింది కాదు, సాగదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. బోణీ పోతుందనే కంగారులో నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

పదకొండు రోజుల తర్వాత నాగమణి కుంటుకుంటూ కొట్టు మెట్లెక్కింది. కుడికాలి బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది. పది నిమిషాల్లోపు పరిగెత్తే మనిషికి పదకొండు దాటుతోందట. ఈవెంట్స్‌కి ఇంకా నెల కూడా లేదు. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒక్క మాటే అంది.

"సాగలేదు ఆంటీ."

నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. నేనన్న మాట నమ్మి, నొప్పి తన తప్పే అనుకుని, పదకొండు రోజులు పంటి బిగువున పరిగెత్తింది ఆ పిల్ల.

గులాబీ జత వెనక్కి తీసుకున్నాను. గోరు డాక్టరుకు చూపించుకుని నాలుగు రోజులు పరుగు మానమని చెప్పి పంపించి, మధ్యాహ్నం బస్సులో జగ్గయ్యపేట వెళ్లాను. అక్కడ మా మరిది షూస్ షాపు ఉంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు సేఫ్టీ షూస్, అంటే ముందు గట్టి రేకు ఉండే బూట్లు, ఎక్కువగా అమ్ముతాడు. జరిగింది చెబితే ముందు కాసేపు నవ్వాడు.

"పొద్దున్నే కొలిచావా వదినా? మా ఫ్యాక్టరీవాళ్లు షిఫ్టు దిగాకే వచ్చి తొడుక్కుంటారు. రోజంతా నిలబడితే కాలు ఉబ్బుద్ది కదా. పొద్దున సరిపోయింది సాయంత్రానికి కరుస్తది. రేకు బూటు సాగదు, నీ రన్నింగ్ షూ కూడా అంతే."

మరిది మూడు జతలు కట్టిచ్చాడు. మూడూ మగవాళ్లవే. "వెడల్పు కావాలంటే ఇవే వదినా. కాలి బొటనవేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ దగ్గర మాత్రం కదలకూడదు. అంతే లెక్క" అన్నాడు.

గోరు నొప్పి తగ్గాక ఒకరోజు నాగమణిని పొద్దున రమ్మన్నాం. ఈసారి రంగంలోకి దిగింది మా అత్తయ్య. మామయ్య రోజుల్లో చెప్పులు కుట్టించేటప్పుడు కాగితం మీద కాలు పెట్టించి చుట్టూ గీత గీసి పంపేవాళ్లు. అత్తయ్య పాత క్యాలెండరు కాగితం నేలమీద పరిచి, మోకాళ్లు పట్టేసినా కింద కూర్చుని, నాగమణి పాదం పట్టుకుంది.

"అయ్యో, మామ్మగారూ! మీరు నా కాలు పట్టుకోవడమేంటండీ!"

"చెప్పులమ్మి బతికేవాళ్లం, కాలు పట్టుకోకపోతే ఎట్టా? కదలకు, గీత వంకర పోద్ది."

నీలం పెన్నుతో గీత గీసింది. నాగమణి కోచింగుకు వెళ్లి, సాయంత్రం కాలేజీ గ్రౌండులో మెల్లగా నాలుగు రౌండ్లు పరిగెత్తి, చెమటలతో తిరిగొచ్చింది. అదే కాగితం మీద అదే కాలికి ఎర్ర పెన్నుతో ఇంకో గీత పడింది. బొటనవేలి దగ్గర, చిటికెనవేలి పక్కన ఎర్రగీత నీలంగీతను దాటి వడ్లగింజంత బయటికి వచ్చింది. ముగ్గురం ఆ కాగితం మీదికి వంగి చూశాం. అత్తయ్య ఆ రెండు గీతల మధ్య వేలు పెట్టి కొలిచి చూసింది.

మూడు జతల్లో జెంట్స్ ఏడో సైజు, బూడిద రంగుది సరిపోయింది. వీధి చివరి దాకా పరిగెత్తి వచ్చి, "వేళ్లు ఆడుతున్నయ్ ఆంటీ!" అని అరిచింది. అంతలోనే, వెనక్కి తీసుకుని ఓ మూల పెట్టిన గులాబీ జత వైపు దిగులుగా చూసింది.

"రంగుదేముందే, పరిగెత్తేటప్పుడు నీ కాళ్లు నువ్వు చూసుకోవుగా" అంది అత్తయ్య. "వెనకొచ్చేవాళ్లు చూస్తారు. చూడనీ."

జనవరిలో ఈవెంట్స్ రోజు మా ఇద్దరికీ బేరాల మీద ధ్యాస లేదు. ఒక నలభై ఏళ్ల మనిషికి ఎడమకాలి చెప్పును రెండుసార్లు కుడికాలికి తొడగబోయాను. ఒంటిగంటకు ఫోన్ వచ్చింది.

"టైముండగానే అయిపోయింది ఆంటీ! క్వాలిఫై! మామ్మగారికి చెప్పండి, నా వెనక చాలామంది ఉన్నారని!"

ఫోన్ పెట్టేసి చెబితే అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ వెంటనే, వచ్చిన బేరాన్ని చూసుకోమని నన్ను కసిరింది.

తర్వాత నాగమణి ఆఖరి రాతపరీక్ష కూడా రాసి సెలెక్టయింది. ట్రైనింగుకు వెళ్లేముందు ఒకరోజు స్వీట్ల డబ్బాతో వచ్చింది. అప్పుడే షట్టరు ఎత్తాం. ట్రైనింగులో వేసుకోవడానికి కొత్త షూస్ కావాలంది. మంచి బేరం, పైగా బోణీ. నేను అలవాటుగా ర్యాకు వైపు కదిలాను.

"ఇప్పుడొద్దు. సాయంత్రం రా" అంది అత్తయ్య.

నేనూ నాగమణీ మొహమొహాలు చూసుకున్నాం.

"బోణీ కదా మామ్మగారూ? ఉత్త చేతులతో పంపరుగా మీరు?"

"నీ కాలికంటే నా బోణీ ఎక్కువా? పో, గ్రౌండులో నాలుగు రౌండ్లు కొట్టి రా."

ఈ వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం అదే. కొలవాల్సింది మనకు వీలైన వేళ కాదు, ఆ కాలు నిజంగా కష్టపడ్డాక. ఆ తర్వాత రన్నింగ్ షూ కొనేవాళ్లతో 'సాగుతుంది' అనే మాట నేను మళ్లీ అనలేదు. ఆ రోజు మా బోణీ పదకొండు దాటాక అయింది, అదీ ఒక జత బాత్రూము చెప్పులు. అత్తయ్య ఏ వంకా పెట్టకుండా ఆ డబ్బులు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేసింది.